ఖలందర్ వెతికిన హాలు

నందిగామలో ఓ హాలు చూడ్డానికి ఒక్కో మెట్టూ ఆచితూచి ఎక్కాడు ఖలందర్. జగ్గయ్యపేటలో ఇరవై రెండేళ్లుగా ఆటో తోలుతున్న మనిషి. హైవే మీద లారీ హారన్ కొడితే తిరిగి కొట్టే రకం. అన్న సైఫుల్లా ఆత్మహత్య చేసుకున్నాక మాత్రం ప్రతిదానికీ జడుపే. ఇప్పుడు అన్న కొడుకు జాకీర్ కూడా వాళ్ల నాన్నలాగే గోడకేసి తిరిగి పడుకుంటున్నాడు. తిండి లేదు, మాట లేదు.

టీచర్ జయమణి ఏటా ఆత్మహత్యల నివారణ సభ పెడుతుంది. ఈసారి చోటు వెతికే పని ఖలందర్ తన మీద వేసుకున్నాడు. జాకీర్ వస్తానన్నాడు మరి! "ఎవరికీ తెలీకుండా అయితేనే బాబాయ్" అన్నాడు. పేటలో వద్దని నందిగామలో వెతుకుతున్నది అందుకే.

హాలు మూడో అంతస్తులో ఉంది. డాబా మీదికి తలుపు, దానికి గొళ్లెం లేదు. పిట్టగోడ మోకాలెత్తు.

"తాళం వేయిస్తారా అండి?"

ఓనరు బ్రహ్మయ్య నవ్వాడు. "పెళ్లిళ్లకే వేయలేదయ్యా. నీ సభకొచ్చేది మనుషులా, కోతులా?"

ఖలందర్ గోడ పట్టుకుని దిగిపోయాడు.

"చెవిటికల్లులో షెడ్డుంది, చల్లగా ఉంటుంది" అంది జయమణి ఫోన్లో.

"ఏటి ఒడ్డు వద్దు టీచరుగారూ. మీకు దణ్ణం పెడతా."

చివరికి ఓ ట్యూషన్ సెంటరు దొరికింది. కింది అంతస్తులోనే గది, వెనక సందులోకి ఇంకో గుమ్మం. అన్నీ చూశాననుకున్నాడు. సభ రోజు పొద్దున జాకీర్‌ని ఆటోలో తెచ్చేసరికి వరండా నిండా చెప్పులు. ఎదురుగా టీ కొట్టు.

"ఆ బూట్లు మన వీధి సొలొమోనువేగా!" కొట్టు వెంకట్ అరుస్తున్నాడు. "వాడికేం కష్టమొచ్చిందిరా నాయనా?"

టీ తాగేవాళ్లు పగలబడి నవ్వారు. జాకీర్ ఆటోలో వెనక్కి ఒదిగిపోయాడు. "పోదాం బాబాయ్."

 ముందే గది చూశాడు ఖలందర్, గుమ్మాలు చూశాడు. చెప్పులు బయట విడిచే అలవాటే తట్టలేదు బుర్రకి. పరుగున దిగి, అందరి చెప్పులూ చేతుల నిండా ఎత్తుకుని లోపల పోశాడు. మూడుసార్లు తిరిగాడు. నాలుగోసారికి వరండా ఖాళీ. ఆటోనూ ఖాళీ.

 సందు వైపు పరిగెత్తాడు. వెనక గుమ్మం దగ్గర, చెప్పులు కాళ్లకే ఉంచుకుని, జాకీర్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లోపలికెళ్తే ఏం చెప్పాలో తెలీట్లేదు. భయమేస్తోంది బాబాయ్."

"నాకూ అంతేరా" అన్నాడు ఖలందర్. "అదే చెబుదాం పద."