ఎనిమిది ఎర్రవి, ఒక నల్లది

మా ఇంట్లో చేపలంటే పులుసే. తుంగభద్ర ఒడ్డున పుట్టి పెరిగినోణ్ణి. చేపకు ఇల్లు కావాలని, ఆ ఇంట్లోకి ఎవరితో ఎవరు సర్దుకుంటారో చూసి మరీ తేవాలని నాకెవరు చెప్పాలి? అదంతా మదీనాగూడ ఫ్లాట్‌లో నేర్చుకున్నాను, ముప్పై ఏళ్లు దాటాక.

నా భార్య మా అక్క కూతురే. మా కర్నూలు వైపు అది మామూలు సంగతి. అందుకే మా ఇంట్లో అత్తగారికీ అల్లుడికీ మధ్య ఉండాల్సిన మర్యాదలేవీ లేవు. అక్క నన్ను ఒరేయ్ అంటుంది, నా భార్య మామా అంటుంది. అప్పటికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెల తప్పినప్పుడు డాక్టరమ్మ కాగితంలోంచి తలెత్తి, "మేనరికమా?" అని అడిగింది. పరీక్షల్లో ఏమీ తేలలేదు, ఆమె ఇంకేమీ అనలేదు, మంచం దిగొద్దని మాత్రం చెప్పింది. కానీ అక్క అక్కడే నిలబడి ఉంది. పట్టుబట్టి ఈ పెళ్లి చేసింది ఆమే. బయటికొచ్చి ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని, కొంతదూరం అట్లాగే నడిచింది.

ఆ రోజు నుంచి అక్క మొక్కని దేవుడు లేడు, కట్టించని తాయెత్తు లేదు. చివరికి వాస్తు చూసే ఆయన్నొకణ్ణి పట్టుకొచ్చింది. ఆయన హాలంతా తిరిగి, ఈశాన్యంలో నీళ్లతొట్టి పెట్టి చేపలు వదలమన్నాడు. ఎనిమిది ఎర్రవి, ఒక నల్లది. తొమ్మిదికి తగ్గకూడదు. ఏదైనా చస్తే ఏడవకూడదు, ఇంటి మీదికొచ్చే గండాన్ని అది ఎత్తుకుపోయినట్టు లెక్క, మధ్యాహ్నంలోగా ఇంకోటి తెచ్చి వదలాలి. నేను నవ్వాను. "నవ్వురా నవ్వు, నీకేం, మోసేది నా బిడ్డ" అంది అక్క.

రెండడుగుల తొట్టి కొన్నాను. బోరు నీళ్లు నింపి, అదే పూట తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లు గుమ్మరించాను. నా భార్య మంచం హాల్లోకి మార్చాం, తొట్టి కనిపించేట్టు. నేను పొద్దున్నే స్కూటరేసుకుని కొండాపూర్ బండల మధ్యనుంచి హైటెక్ సిటీకి పోయేవాణ్ణి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచమంతా పరేషాన్‌లో ఉన్న రోజులవి, మా పని దాన్ని సరిచేయడమే. ఎక్కడో పరాయి దేశంలో బ్యాంకు ఆగిపోకుండా చూసేవాణ్ణి. ఇంటికొస్తే నా తొట్టిలో చేప బతకడం లేదు.

నాలుగో రోజు రెండు పోయాయి. ఆ తర్వాత ఒకటి, మళ్లీ రెండు. నీళ్లు కుడితిలా తయారయ్యాయి. అక్క మాత్రం ప్రతి చావుకూ చేతులు జోడించేది. "పోనీలేరా, మనకొచ్చేది అది తీసుకపోయింది" అనేది. నేను ఆఫీసులో అబద్ధాలు చెప్పి, మధ్యాహ్నంలోగా కొత్తది తెచ్చి పడేసేవాణ్ణి. నల్ల గోల్డ్‌ఫిష్ చచ్చిన రోజు కొట్లో అలాంటిది లేదు. నల్లగా ఉంది కదా అని ఇంకేదో చేపను పట్టుకొచ్చాను. కొట్లోవాళ్లు దాన్ని షార్క్ అంటారు, వేలంత ఉంటుంది. అది రాక్షసి! మిగతావాటిని ఒక్క నిమిషం నిలవనివ్వలేదు. అవన్నీ గాలిపంపు వెనక నక్కి కూర్చున్నాయి. పొద్దస్తమానం పడుకుని దాన్నే చూస్తుండేది నా భార్య.

ఒక సాయంత్రం నేను బూట్లు విప్పుతుంటే అడిగింది. "మామా, ఇప్పటికి పదకొండు పోయినాయి. మన మీద ఇన్ని గండాలు ఉన్నాయా?"

ఆమెకు ధైర్యమని తెచ్చిపెట్టింది ఆమెను ఎట్లా తింటోందో అప్పుడు కనబడింది. మర్నాడు చేపల కొట్టుకు పోయి, అది నడిపే ముసలాయన మీద విరుచుకుపడ్డాను. చచ్చే చేపలు అమ్ముతున్నావా అని అరిచాను. ఆయన వల పక్కన పెట్టి, తాపీగా, "తొట్టి ఎంత?" అని అడిగాడు. చెప్పాను.

"రెండు ఫీట్ల డబ్బాల తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లా? ఏంది సార్ గిది! అది పెద్దగైతది, నీళ్లు ఖరాబ్ జేస్తది. పైకెల్లి షార్క్ తోడు. జర సోంచాయించాలె గదా."

"ఎనిమిది ఎర్రవి, ఒక నల్లది కావాలి. అవి చావకూడదు" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి స్టూలు లాగాడు.

ఎర్ర ప్లాటీలు, ఒక నల్ల మాలీ తీసుకోమన్నాడు. చిన్న చేపలు, ఒకదాని జోలికి ఒకటి పోవు, బోరు నీళ్ల ఉప్పదనం వాటికి పడుతుంది. అన్నీ మగవే తీస్కో, లేకుంటే పిల్లల్ని పెడుతూనే ఉంటాయి, పెట్టిన పిల్లల్ని అవే తింటాయి అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. ముందు రెండు వదిలి, వారం ఆగి ఇంకో మూడు, మళ్లీ ఆగి నాలుగు. ఒక్కసారే పోస్తే నీళ్లు ఓర్చుకోలేవట.

కానీ తొమ్మిదికి తగ్గితే అక్క ఊరుకుంటుందా? తొట్టి కారుతోందని, గమ్ము పెట్టి ఆరబెట్టాలని చెప్పి వెనక బాల్కనీలోకి మోసుకుపోయాను. మిగిలిన గోల్డ్‌ఫిష్‌లనీ షార్క్‌నూ ఆయనకే ఇచ్చేశాను. మూడు వారాలు, పైన గుడ్డ కప్పి, దొంగతనంగా పెంచాను. రోజూ ఆఫీసుకు పోయే ముందు గుడ్డ ఎత్తి చూసేవాణ్ణి. అన్నీ సరిగ్గా ఉన్నాక హాల్లోకి తెచ్చి పెడితే అక్క ముక్కు మీద వేలేసుకుంది. "ఇంత సన్నవి తెచ్చినావేమిరా" అంది గానీ, లెక్క సరిపోయింది.

ఆ తర్వాత ఒక్క చేప చావలేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఐదో నెల దాటింది, ఆరు వచ్చింది. నా భార్య లెక్కపెట్టడం మానేసి ఊరికే చూడ్డం మొదలుపెట్టింది. "ఇంక మనకేం లేదు గదా మామా" అంది ఒకరోజు. "ఏం లేదు, నేనున్నా గదా" అన్నాను. ఎంత పొగరు నాకు!

ఒక మంగళవారం పన్నెండు గంటలకు ఆఫీసుకు అక్క ఫోను. నేను ఆసుపత్రికి చేరేసరికి నా భార్యను లోపలికి తీసుకుపోయారు. సాయంత్రం దాకా ఏమీ చెప్పలేమన్నారు. బట్టలు, రిపోర్టుల ఫైలు తెమ్మని అక్క నన్ను ఇంటికి పంపింది. మెట్ల దాకా వెంటొచ్చి చెయ్యి పట్టుకుంది. "చూసిరారా, ఒకటన్నా పొయ్యిందేమో." నేను కోప్పడలేదు. కోపం రాలేదు.

తాళం తీసి నేరుగా తొట్టి దగ్గరికి పోయాను. తొమ్మిదీ ఉన్నాయి. మేత వేస్తాననుకుని అన్నీ గుంపుగా పైకొచ్చాయి, నల్లది అన్నింటికన్నా ముందు. నేను చదువుకున్నోణ్ణి, నాకు ఇవన్నీ నమ్మకం లేదు. అయినా చొక్కా చెయ్యి పైకి మడిచి నీళ్లలో పెట్టాను. అది పారిపోలేదు, నేనంటే అలవాటు. పిడికిట్లో పట్టి బయటికి తీశాను. అరచేతిలో టపటపా కొట్టుకుంది. వదలకూడదు, ఇంకొంచెంసేపు, అనుకుంటూ నిలబడ్డాను. కళ్లల్లో నీళ్లు కారిపోతున్నాయి. దాని నోరు తెరుచుకుని మూసుకుంటోంది. నా వల్ల కాలేదు. నీళ్లలో పడేశాను. రెండు చుట్లు పక్కకు ఒరిగి తిరిగి, మళ్లీ మామూలుగా ఈదింది.

నేను పోయేసరికి అంతా అయిపోయింది. మగపిల్లవాడట. అక్క గోడవైపు తిరిగి కూర్చుంది. నా భార్య కళ్లు మూసుకుని ఉంటే నిద్రపోతోందనుకున్నాను. మంచం పక్కన ఫైలు పెడుతుంటే, కళ్లు తెరవకుండానే అడిగింది.

"ఒక్కటి కూడా పోలేదా మామా?"

"లేదు, అన్నీ బాగున్నాయి" అన్నాను. పట్టుకుని కూడా వదిలేశానని ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు.