సైలెన్సర్ మీద మూడు దెబ్బలు

నా మాటల్లో సగం కోతలే. ఎనిమిదిలో బడి మానేసినవాడికి అంతకంటే ఏం వస్తాయి? కానీ ఇది జరిగింది. ఇదివరకైతే అమ్మ మీద ఒట్టేసేవాడిని... ఇప్పుడు ఆ ఒట్టు లేదు. ఊరికే నమ్మండి.

తెల్లారితే అమ్మను దవాఖానాలో చేర్చాలి. ఊపిరి అందడం లేదు. ఆటో కుదుపులకు దగ్గు ఆగదు. మా కారేమో ఆగి ఆగి నడుస్తోంది. ఆక్సిజన్ సెన్సర్ పోయింది. సైలెన్సర్ గొట్టానికి బిగించే, బొటనవేలంత ముక్క. నాచారంలో కొత్తది కొన్నాను. రాత్రి పదకొండుకు, చిల్కానగర్‌లో మా ఇంటి ముందు, కారు కింద దూరాను. మా అక్క భర్త యాదగిరి బావ స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు.

"బామ్మర్దీ, సప్పుడు లేదేంది? బతికే ఉన్నవా?"

"లేకుంటే దయ్యమై నిన్నే పట్టుకుంట బావా, ఫికర్ జెయ్యకు."

మా అన్న మల్లాపూర్‌లో మెకానిక్. చనిపోయి మూడేళ్లు. ఇంజన్ మోతలో కేకలు వినపడవని, పానాతో గొట్టం మీద కొట్టడం మాకు నేర్పింది అతనే. ఒక దెబ్బ... ఆపు. రెండు... స్టార్ట్ చెయ్. మూడు... లాభం లేదు, వదిలెయ్.

పాతది బిగుసుకుపోయింది. వేడికి మర వదులవుతుందని రెండు కొట్టాను. బావ స్టార్ట్ చేశాడు. కాసేపటికి ఒకటి కొట్టాను. ఆపాడు. పానా వేసి లాగితే... కిర్రుమని ఊడింది. పానా నేల మీద పెట్టి, కొత్తది రెండు చేతులతో ఎక్కిస్తున్నాను.

టక్...

టక్...

టక్.

గొట్టం వణికింది. ఆ వణుకు నా వేళ్లలోకి వచ్చింది.

"మూడు గొట్టినవేందిరా? అయితలేదా?"

"నేను కొట్టలే బావా."

"పరాచికాలొద్దు. లోపల అత్త పండుకుంది."

"అమ్మతోడు, కొట్టలే!"

బావ దిగి, కారు చుట్టూ తిరిగాడు. ఎవరూ లేరు. "ఇనుము సల్లారితే గట్లనే టక్కుమంటది" అన్నాడు. కానీ మళ్లీ కార్లో ఎక్కలేదు.

మళ్లీ... మూడు. రెండు గట్టిగా. మూడోది మెల్లగా... వదిలెయ్యమనడం ఇష్టం లేనట్టు. అన్న కొట్టే తీరు అదే.

నేను వదల్లేదు. బిగించాను. వైరు కలిపాను.

పొద్దున ఉప్పల్ రోడ్డు మీద కారు ఒక్కసారి కూడా ఆగలేదు. డాక్టర్ ఎక్స్‌రే చూశాడు. "ఇంటికి తీసుకెళ్లండి. ఏది తినాలంటే అది పెట్టండి" అన్నాడు.

తిరిగొస్తుంటే వెనక సీట్లోంచి అమ్మ, "బండి మంచిగ జేసినవ్ బిడ్డా" అంది. బావ నా వైపు చూడలేదు.

ఆ తర్వాత అమ్మ పదకొండు రోజులే ఉంది.

కారు ఇప్పటికీ మస్తు నడుస్తోంది. రాత్రి ఇంజన్ ఆపాక, ఇనుము చల్లారుతూ టక్కుమంటుంది... ఒకటి... రెండు...

మూడోదాని కోసం నిలబడను. లోపలికి వెళ్లిపోతాను.