చీకటి గది ముందు చెప్పులు

గగన్‌పహాడ్‌లో మా ప్రయోగశాల ఒక రేకుల షెడ్డు. దాని మీదుగా విమానాలు ఎంత కిందుగా దిగేవంటే, కిటికీ పక్క సీటువాళ్లు నా టిఫిన్ డబ్బాలో ఏ కూర ఉందో చూసి మొహం చిట్లించేవాళ్లు. విమానం వచ్చినప్పుడల్లా మా తక్కెడకు చలిజ్వరం పట్టుకునేది. చిటికెడు పొడి తూచాలన్నా రెండు విమానాల మధ్య ముహూర్తం చూసుకోవాలి.

మా మేడమ్‌కు ఒకటే పంతం. చీకట్లో వెలగాలి, అయస్కాంతం పిలిస్తే రావాలి. అలాంటి పొడి ఒకటి చేయాలి. దాన్ని ఒంట్లో రోగం ఉన్నచోటికి నడిపించి, వెలుగును బట్టి ఎక్కడుందో కనిపెట్టవచ్చని ఆవిడ ఆశ. వచ్చిన చిక్కల్లా ఒకటే. వెలిగే పొడికి రవ్వంత ఇనుము తగిలినా వెలుగు చచ్చిపోతుంది. ఆ రెంటినీ కలపడమంటే, పొలం గట్టు మీద తలలు పగలగొట్టుకున్న దాయాదులను ఒకే ఆటోలో షాద్‌నగర్ దాకా పంపడమే. ఇనుప రేణువుకు గాజు పొరను దుప్పటిలా కప్పి, ఆ పైన వెలుగును అతికించాలని మేడమ్ ఏళ్ల తరబడి చూశారు. వెలిగింది కదిలేది కాదు, కదిలింది వెలిగేది కాదు.

షెడ్డు లోపల కిటికీ లేని చీకటి గది ఒకటుండేది. పొడి వెలుగును అక్కడే చూసేవాళ్లం. దాని గుమ్మం బయట చెప్పులున్నాయంటే లోపల మనిషి ఉన్నట్టు, తలుపు తీయకూడదు. దేశ రాజ్యాంగానికైనా సవరణలున్నాయి గానీ ఈ చట్టానికి లేవు. షెడ్డు యజమాని, శంషాబాద్ పెద్దాయన, కిరాయికి వచ్చి మేడమ్ చెప్పులు కనిపిస్తే నోరెత్తకుండా కుర్చీలో కూర్చుని చాయ్ మీద చాయ్ తాగేవాడు. ఆవిడ బయటికొచ్చి ప్రతిసారీ ఒకే మాట అనేవారు, ఒకనాటికి వెలుగును తెచ్చి ఆయన చేతిలో పెడతానని. ఆయన నవ్వి గడ్డం దువ్వుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆవిడ తలుపు తీసుకుని, గోడ పట్టుకుని వచ్చారు. ముఖమంతా చెమట. పెద్దాయనే పట్టుకుని తన కారులో దవాఖానకు తీసుకుపోయాడు. ఆవిడ ఒట్టికాళ్లతో వెళ్లారు. మళ్లీ రాలేదు.

చెప్పులు అక్కడే ఉండిపోయాయి. ఎవరూ తీయలేదు, కాబట్టి తలుపూ ఎవరూ తెరవలేదు. నేనూ తెరవలేదు.

నెలలు గడిచాక పెద్దాయన ఫోన్ చేశాడు. షెడ్డుకు కొత్తవాళ్లు వస్తున్నారట, మర్నాడు నేలంతా నీళ్లు పోసి కడిగించాలట.

"చెప్పులు జర తీయుండ్రి సార్. పనోళ్లు లోపలికి పోతలేరు. అమ్మ లోపలనే ఉన్నదంటుండ్రు."

మిట్టమధ్యాహ్నం వెళ్లాను. మేడమ్ చెప్పుల పక్కన నా చెప్పులు విడిచి, అలవాటుగా తలుపు మూసి, లోపల ట్యూబ్‌లైట్ వేశాను. బల్ల మీద గిన్నె బోర్లాపడి ఉంది. ఆవిడ ఆఖరి పొడి, ఎవరూ పరీక్షించనిది, దుమ్ములో దుమ్మైపోయింది. సీసాలన్నీ సర్దుకుని దీపం ఆర్పాను.

నేల వెలిగింది.

పచ్చటి పాదాలు. బల్ల దగ్గర మొదలై గుమ్మం వైపు, ఒకదాని తరువాత ఒకటి. వెళ్లినవే, వచ్చినవి లేవు. నా గుండె ఆగింది. పక్క షెడ్డు జనరేటర్ ఆగింది. పైన ఒక విమానం కూడా కాసేపు ఆగిందనే నా నమ్మకం.

ఎప్పుడొచ్చాడో, తలుపు వెనక్కి మూసి గుమ్మం లోపల పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆయనా చెప్పులు విడిచే వచ్చాడు.

"గిట్లనే తూలుకుంట వచ్చింది సార్," అన్నాడు మెల్లగా.

బోర్లాపడ్డ గిన్నెలోంచి మేడమ్ అరికాళ్లకు అంటిన పొడి ఇది, నీళ్లు పోస్తే కొట్టుకుపోతుంది. రేపు కడిగితే మేడమ్ గెలిచారో ఓడారో ఇక ఎప్పటికీ తెలియదు. తెలుసుకోవాలంటే ఆ అడుగులనే చెరపాలి. అయస్కాంతానికి కాగితం చుట్టి, బల్ల దగ్గరి మొదటి పాదం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. చిటికెన వేలి దగ్గర పెట్టాను.

వేలు నేల వదిలి కాగితం మీదికొచ్చింది. వెలుగుతూనే వచ్చింది.

"అమ్మ చెప్పింది గిదేనా?"

"ఇదే భాయ్."

ఆయన చేయి చాపాడు. కాగితం విప్పి అరచేతిలో పెట్టాను. పచ్చటి వెలుగులో ఆయన చేతి గీతలన్నీ కనిపించాయి.

తరువాత ఒక్కొక్క అడుగే ఎత్తి సీసాలో పోశాను. నా వెనక నేల నల్లబడుతూ వచ్చింది. గుమ్మానికి లోపలి వైపునున్న ఆఖరి పాదం మాత్రం రాలేదు. రుద్దాను, గీకాను, అయస్కాంతం మార్చాను. కాలి చెమట సిమెంటులోకి ఇంకి పొడిని పట్టేసి ఉంటుంది. ఇలాంటి కారణాలు ఇంకో నలభై చెప్పగలను. అది మాత్రం వెలుగుతూ అక్కడే ఉంది.

బయటికొచ్చి మేడమ్ చెప్పులు తీయబోయాను. పెద్దాయన నా చేయి పట్టుకున్నాడు.

"ఉండనియ్ సార్. అమ్మ ఇంకా బయటికి రాలే."