నల్ల అద్దం

మొన్న నందిగామలో మా ఇంటి గేటుకి వెల్డింగ్ చేయడానికి వచ్చినతను, "మేడం, మంట చూడకూడదు, లోపలికెళ్ళండి" అన్నాడు. కాలిన ఇనుము వాసన తగలగానే నాకు జగ్గయ్యపేట వెల్డింగ్ షాపు గుర్తొచ్చింది.

డెబ్బైల చివర్లో, నేను నాలుగో తరగతి. విరిగిన ట్రాక్టర్ కొక్కెం అతికించడానికి నాన్న నన్నూ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని వత్సవాయి నుంచి వెళ్ళాడు. మెరుపులు మొదలవగానే నా తల గోడవైపు తిప్పాడు.

"కళ్ళు పాడైతే రేపు నిన్నెవడు చేసుకుంటాడే?"

"మరి తమ్ముడో?"

"వాడు మగాడు. వాడికేం కాదు."

"వాడి కళ్ళేమన్నా ఇనప్పవా నాన్నా?"

షాపాయన నవ్వి, మంట చూసేటప్పుడు కళ్ళకి అడ్డం పెట్టుకునే నల్ల అద్దం ఇంకోటుంటే తమ్ముడికి ఇవ్వబోయాడు. "నాకెందుకు?" అని వాడు ఛాతీ విరిచాడు. "అయితే నువ్వు తీసుకోమ్మా, లేకపోతే నన్ను పని చేసుకోనిచ్చేట్టు లేవు" అని నా చేతిలో పెట్టాడు. అందులోంచి చూస్తే ఇనుము బెల్లం పాకంలా కరిగి, రెండు ముక్కల మధ్యకి పాకి గట్టిపడింది.

సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టుందని తమ్ముడు ఒకటే ఏడుపు. నాయనమ్మ బంగాళదుంప చక్రాలు కోసి వాడి కళ్ళ మీద పెట్టింది. నా కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. మగపిల్లల కళ్ళు నాసిరకమని చాలా ఏళ్ళు నమ్మాను, బళ్ళో వాదించాను కూడా.

ఆ వెలుగుకి ఆడా మగా తేడా లేదని కాలేజీలో తెలిసింది. నాన్న నాకు గోడ చూపించాడు, వాడికి పౌరుషం నేర్పాడు. మా ఇద్దరికీ కావలసింది చెరొక అద్దం.

గేటు దగ్గర అతను నేనెప్పుడు కదులుతానా అని చూస్తున్నాడు.

"ఇంకో అద్దం ఉంటే ఇవ్వు నాయనా. నేను లోపలికి వెళ్ళను" అన్నాను.