మా అత్త మింగిన కొవ్వు మాత్రలు

మా అత్త హోసూరులో ఫ్యాక్టరీ పనివాళ్లకు మెస్ నడిపేది. వండేదీ ఆమే, రుచి చూసేదీ ఆమే; నేను పక్కన సాయం చేసేదాన్ని. ఉప్పు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఆమెకు గరిటెడు చాలదు, గిన్నెడు కావాలి. ఏళ్ల తరబడి అలా చూసీ చూసీ, ఆమె వంటింట్లోకి వస్తే నేను బయటికి రావాల్సినంత మనిషైంది. ఎవరైనా ఆ మాట ఎత్తితే, బక్కమనిషి వండితే నమ్మి ఎవరు తింటారని అడిగేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒకరోజు నన్ను పెరట్లోకి పిలిచి, ముట్లు ఆగిపోయి ఇన్నేళ్లయ్యాక మళ్లీ రక్తం కనబడుతోందని మెల్లగా చెప్పింది. భయపడుతోందేమో అనుకున్నాను. కాదు, కాస్త గర్వపడుతోంది.

"మళ్లా వయసొస్తా ఉందేమోమ్మా" అంది.

అలా కనబడితే వెంటనే చూపించుకోవాలని నేనెక్కడో చదివాను. హోసూరులో చూపిస్తే మెస్సుకొచ్చే వాళ్లందరికీ తెలిసిపోతుందని ఆమె పట్టుబట్టింది. అందుకని కృష్ణగిరిలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె స్కానింగ్ చేసి, గర్భసంచి లోపలి పొర కొంచెం తీసి పరీక్షకు పంపింది. రిపోర్టు వచ్చేదాకా అత్త వంట చేసింది. రుచి మాత్రం చూడలేదు. అన్నాళ్లూ సాంబారులో ఒకరోజు ఉప్పు లేదు, ఒకరోజు ఉప్పు తప్ప ఏమీ లేదు. ఆమె మొహం చూసి అందరూ అలాగే తిని లేచారు.

రిపోర్టులో క్యాన్సర్ లేదు. కానీ పొర మందంగా ఉందనీ, వదిలేస్తే ముందుముందు క్యాన్సర్ కావచ్చనీ డాక్టరు చెప్పింది. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే అదే హార్మోన్ తయారుచేసి ఆ పొరను పెంచుతూ పోతుందట. పొర తగ్గడానికి మాత్రలు రాసింది. బరువు తగ్గడానికి అప్పట్లో కొత్తగా వచ్చిన క్యాప్సూల్ కూడా రాసింది. తిన్న నూనెలో, నెయ్యిలో కొంత ఒంటికి పట్టకుండా అది బయటికి పంపేస్తుందట. ఇది వేసుకుంటే క్యాన్సర్ రాదా అని అడిగాను. అంత మాట తాను చెప్పలేననీ, బరువు తగ్గితే మంచిదని మాత్రం చెప్పగలననీ అంది. నూనె బాగా తగ్గించి తినాలని గట్టిగా చెప్పింది.

ఆ ఆఖరి మాట అత్త చెవికెక్కలేదు.

కొద్దిరోజులకే గురుబరపల్లిలో చుట్టాల పెళ్లి. అత్త గంధం రంగు పట్టుచీర కట్టుకుంది. ఆకు ముందు కూర్చోగానే క్యాప్సూల్ మింగి, నేతిలో మునిగిన బొబ్బట్లలాంటి హోళిగలు, వడలు, బజ్జీలు వరసగా లాగించింది. నేను గుడ్లప్పగించి చూస్తుంటే, మాత్ర ఉండగా భయమెందుకని నాకే ధైర్యం చెప్పింది.

తిరుగు బస్సులో, సూళగిరి ఇంకా రాకముందే, ఆమె సీట్లో అటూ ఇటూ కదిలింది. నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

"ఆపమనమ్మా. ఈడనే."

స్టాపు సూళగిరిలోనే అని కండక్టరు తమిళంలో చెప్పాడు. అత్త లేచి నిలబడింది. ఆమె లేచాక దారి కనబడలేదు. ఆమె మొహం చూసి అతను విజిల్ ఊదాడు.

రోడ్డు పక్కన టమాటా తోటలో ఒక ఇల్లుంది. ఆ ఇల్లాలు వెనక ఉన్న బాత్‌రూం వైపు చెయ్యి చూపించింది. చాలాసేపటికి అత్త బయటికి వచ్చింది. పట్టుచీర బజ్జీలు చుట్టిన పేపరులా అయింది. ఇల్లాలు తన పాత చీర ఒకటిచ్చింది. అది అత్తకు ఒక చుట్టుకే సరిపోయింది.

"ఏం రోగమమ్మా?" అని ఆమె జాలిగా అడిగింది.

"రోగం కాదమ్మా, మందు" అంది అత్త.

మరుసటి వారం డాక్టరమ్మకు ఇదంతా చెప్పాం. ఆమె నవ్వు ఆపుకోలేక, క్యాప్సూల్ తన పని తాను చేసిందనీ, చెప్పిన మాట వినంది మీరేననీ అంది. క్యాన్సర్ అంటే లొంగని అత్త ఆ బస్సుకు లొంగిపోయింది. ఇంటికొచ్చి నూనె డబ్బా అటక మీద పెట్టించింది. తన మీద తనకు నమ్మకం లేక రుచి చూసే పని నాకు అప్పగించింది. పొద్దున్నే చెప్పులేసుకుని ఊళ్లోని కొండ దాకా నడిచేది. మెస్సులో పూరీలు పోయి చపాతీలు వచ్చాయి. ఆస్పత్రి తిండిలా ఉందని కొందరు పక్క మెస్సుకు వెళ్లిపోయారు. మా మామ కూడా అటు వెళ్లొస్తున్నాడని తర్వాత తెలిసింది.

కొన్ని నెలలకు మళ్లీ పరీక్ష చేస్తే పొర మామూలుగా ఉంది. అప్పటికి అత్త నా పక్కన వంటింట్లో నిలబడగలిగేంత తగ్గింది. పొర ఏ మందుకు తగ్గిందని డాక్టరమ్మను అడిగాను. మాత్రలా, క్యాప్సూలా, నడకా అని విడదీసి చెప్పడం కష్టమనీ, చూపించుకోవడం మాత్రం మానొద్దనీ డాక్టరమ్మ అంది.

ఆ తర్వాత మెస్సుకు వచ్చే ఆడవాళ్లకు అత్త ఈ బస్సు కథ చెప్పడం మొదలుపెట్టింది. సిగ్గూ ఎగ్గూ లేకుండా, చీర సంగతి కూడా దాచకుండా చెప్పేది. వాళ్లు కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. నవ్వు అయిపోయాక గొంతు తగ్గించి అడిగేది.

"ముట్లు నిలిచినంక నీకెప్పుడైనా కనబడిందామ్మా? నాకు చెప్పు, పరవాలేదు."

ఒకసారి పూలమ్మే ఆమె తల దించుకుంది. మర్నాడు పొద్దున అత్త వంట నాకు వదిలేసి, ఆమెను వెంటబెట్టుకుని కృష్ణగిరి బస్సెక్కింది.