పైరగాలి తిరిగేలోపు

నా రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, రెండో పంట దాళ్వా కోతల వేళ, నన్ను రామచంద్రపురం వైపు ఒక చిన్న ఫైర్ స్టేషన్‌కు లీడింగ్ ఫైర్‌మన్‌గా వేశారు. లీడింగ్ ఫైర్‌మన్ అంటే బండిలో వెళ్లే జట్టుకు పెద్ద. స్టేషన్ ఆఫీసరుకు కింద. రాజమహేంద్రవరంలో ఉండవలసిన నన్ను అక్కడికి ఎందుకు పంపారో నాకు తెలుసు. సీనియారిటీ గురించి అర్జీ పెట్టాను కనుక. ఆ సంగతి ఇక్కడ అనవసరం, కానీ మర్చిపోలేదు.

వేసవిలో మేం ఊళ్లు తిరిగి తాటాకిళ్లవాళ్లకు జాగ్రత్తలు చెప్పాలి. ఒక ఊరి చివర, చేను అంచున సత్యవతిగారి ఇల్లు. భర్త పోయారు. తొలి కాన్పుకు వచ్చిన కూతురు దుర్గ ఆస్పత్రిలో ప్రసవించి, బిడ్డతో ఇంటికి రాబోతోంది. అందుకని కప్పును కొత్త తాటాకుతో నేయించారు. విప్పిన పాత ఆకంతా ఇంటి వెనక గోడకు ఆనించి, చూరును తాకేంత ఎత్తున పేర్చారు. దాని వెనకే సత్యవతిగారి మరిది సూరిబాబు చేను. మిషన్ కోత అయ్యాక మిగిలిన గడ్డిని ఆయన ఏటా అక్కడే తగలబెడతాడు. గడ్డినుంచి పాత ఆకుకు, ఆకునుంచి చూరుకు, చూరునుంచి బాలింత మంచానికి నిప్పు వచ్చే దారి నాకు కనిపిస్తూనే ఉంది.

మా బండి గుమ్మం ముందు ఆగగానే సత్యవతిగారు చెంబుతో బయటకు వచ్చారు.

“పసిబిడ్డ ఇంటికొచ్చే వేళ ఫైరింజన్ రావడమేంటండీ? శకునం తెలీదా మీకు?” అంటూ చక్రం మీద పసుపు నీళ్లు కుమ్మరించారు. మా జట్టువాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

పాత ఆకు తీయించమంటే ససేమిరా అన్నారు. “బాలింతకి రోజూ నీళ్లు కాయొద్దా? ఈ మోకాళ్లతో దూరాన్నించి మోసుకురాగలనా? అయినా మా మరిది పడమటి గాలప్పుడే అంటిస్తాడండి. మంట చేనుకి అవతలున్న కాలవకేసి పోద్ది.”

అందులో అబద్ధం లేదు. మధ్యాహ్నం దాకా పడమటి గాలే. ఆ తర్వాత తూర్పున సముద్రం వైపు నుంచి పైరగాలి తిరుగుతుంది. దానికోసం ఊరంతా అరుగులమీద ఎదురుచూస్తుంది. చేనుకు నిప్పు పెట్టేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తురాదు.

మళ్లీ వెళ్లడానికి బండి అడిగితే మా ఆఫీసరుగారు, “అంటుకున్నాక వాళ్లే పిలుస్తారులేవయ్యా, నీకేం తొందర?” అన్నారు. నా స్కూటర్ మీదే వెళ్లాను. సూరిబాబును బతిమాలి, ఇంటి వెనక చేను అంచును ట్రాక్టరుతో వెడల్పుగా దున్నించాను. కాలడానికి ఏమీ లేని అలాంటి మట్టి పట్టీని మేం ఫైర్‌లైన్ అంటాం. గోనెసంచులు తడిపి చూరుమీద పరవడం, వెదురుగడకు కొడవలి కట్టి అంటుకున్న ఆకును కిందికి లాగడం సత్యవతిగారికి చూపించాను. పాత ఆకును ఊరివైపు కుళాయి దగ్గరకు మార్చడానికి ఆవిడ ఒక షరతు పెట్టారు. పొయ్యిలోకి ఆకు రోజూ నేనే తెచ్చి పడేయాలి.

బిడ్డ వచ్చాక రోజూ డ్యూటీకి వెళ్తూ ఆగి, మోపెడు ఆకు తెచ్చి పొయ్యి దగ్గర వేసేవాణ్ని. ఏ రూల్సులోనూ లేని పని.

“ఇంతేనాండీ? నీళ్లు పోసేది బాలింతకా, పిచ్చుకకా?” అనేవారు సత్యవతిగారు. లోపల దుర్గ నవ్వేది. ఒకరోజు బిడ్డను నా చేతిలో పెట్టింది. అప్పుడే సాంబ్రాణి వేసిన తల. నిద్రపోతున్న బిడ్డను దించబుద్ధి కాలేదు. ఆలస్యంగా వెళ్లినందుకు మెమో ఇచ్చారు. అది ఇంకా నా దగ్గరే ఉంది.

కొన్నాళ్లకు సూరిబాబు గడ్డి అంటించాడు. పడమటి గాలి చూసుకునే, ఇంటికి దూరమని చేను మధ్యలో అంటించాడు. మంట కాలవకేసి పోతుంటే భోజనానికి వెళ్లాడు. పైరగాలి తిరిగింది. ఇంటివైపు కాలకుండా మిగిలిన గడ్డంతా ఒక్కసారిగా అందుకుంది.

ఫోను రాగానే బయల్దేరాం. మేం చేరేసరికి మంట దున్నిన పట్టీ దగ్గర ఆగిపోయి పొగ చిమ్ముతోంది. దుర్గ బిడ్డతో పక్క డాబా ఇంట్లో ఉంది. చూరుమీది తడిగోనెలకు మాడిన మచ్చలు. మొదట పాత ఆకు పేర్చిన చోట ఉత్త మట్టిమీద నిప్పురవ్వలు రాలి, బూడిదై ఉన్నాయి.

సత్యవతిగారు వెదురుగడ పట్టుకుని నిలబడ్డారు. “మీ బండికి వేళ తెలీదండి. అప్పుడేమో ముందొచ్చింది, ఇప్పుడేమో వెనకొచ్చింది,” అన్నారు. గడ నాకిచ్చి అరుగుమీద కూలబడ్డారు.

రిపోర్టులో ఆస్తినష్టం లేదని రాశాం. ఆ ఏడు మెచ్చుకోలు పత్రం, సగం కాలిన ఇంటిని ఆర్పిన వేరే జట్టుకు ఇచ్చారు. దానిమీద కూడా అర్జీ పెట్టాను. జవాబు రాలేదు.

నేను నేర్చుకున్నది ఇది. పాత ఆకు తీసేయమని చెప్పడం ఎవరైనా చెప్పగలరు. ఆ ఇంట్లో దాన్ని ఎందుకు దాచుకున్నారో కనుక్కుని, ఆ అవసరం తీర్చాలి. ఆకు అప్పుడే కదులుతుంది.