మేకలకు నచ్చని నవ్వు

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. నా పరువు ఊడగొట్టుకోవడానికి మాత్రం ఒక్క పంటి సందు సరిపోయింది. పోయింది పరువొక్కటే అయితే గుట్టుగా దాచుకునేదాన్ని. ఒకాయన మేకల మంద మొత్తం అడవిపాలు కాబోయింది, అందుకని చెబుతున్నాను.

శబరి నది ఒడ్డున ఉన్న కొంటాలో పళ్ళ క్లినిక్ పెట్టిన కొత్త. ముత్తయ్య అనే మేకల కాపరి వచ్చాడు. ముందు పళ్ళు రెండింటి మధ్య వడ్లగింజ పట్టేంత సందు.

"బిడ్డ పెండ్లి ఉంది డాక్టరమ్మా. ఫొటోలల్ల నాకంటే ముందు ఈ సందే కనబడ్తది. మూసెయ్యి."

కొత్త డాక్టరుకి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి? ముందు నుంచి, పక్క నుంచి ఫొటోలు తీశాను. నవ్వితే పెదవి ఎక్కడిదాకా లేస్తోందో, చిగుళ్ళు ఎంత కనబడుతున్నాయో కొలిచాను. కంప్యూటర్లో కొత్త నవ్వు గీసి చూపించాను. మాట్లాడించాను, నమిలించాను. పెళ్ళిచూపులకొచ్చిన అత్తగారిలా అన్నీ అడిగాను, అడగాల్సింది తప్ప. చివరికి సందులో పంటి రంగు పూత పెట్టి, "ఇది ఉత్తుత్తిదే. నచ్చితే గట్టిది పెడతా" అని పంపాను. అద్దంలో చూసుకుని ఆయన మురిసిపోయాడు. ఆయన్ని చూసి నేను ఇంకా మురిసిపోయాను.

మర్నాడు సాయంత్రం ఫోను.

"డాక్టరమ్మా, మేకలు ఇంటికి రావట్లే."

"మేకలకు నేనేం చేస్తాను పెద్దయ్యా? పశువుల డాక్టరుకి చెప్పు."

"సందు మూసింది పశువుల డాక్టరా, నువ్వా? ఈల వస్తలేదమ్మా!"

ఆయన మందను పిలిచేది ఆ సందులోంచి వేసే ఈలతోనట. ఇంకో పిలుపు మేకలకు తెలియదు. పొద్దుగూకితే అడవిలో నక్కలు. కూతురి పెళ్ళికి ఆ మందే ఆధారం.

పనిముట్ల సంచితో స్కూటరెక్కి పరుగెత్తాను. అడవి అంచున ముత్తయ్య బుగ్గలు ఉబ్బించి ఊదుతున్నాడు. తుంపర్లు తప్ప ఏమీ రావడం లేదు.

"వేళ్ళు పెట్టి వెయ్యి పెద్దయ్యా!"

"అది పోరగాళ్ళ ఈల. నా మేకలు తిరిగి గూడ చూడవ్."

నేనే వేసి చూశాను. పొదలోంచి ఒక మేక తలెత్తి, నన్ను ఎగాదిగా చూసి, మళ్ళీ ఆకు కొరుక్కుంది.

ఇక లాభం లేదని ముత్తయ్యను బండరాయి మీద కూర్చోబెట్టి, ఫోను వెలుగులో పూత గీకేశాను. ఆయన ఈల వేశాడు. పొదలన్నీ కదిలాయి. మంద మొత్తం నన్ను తోసుకుంటూ ఇంటిదారి పట్టింది.

"ఫొటోలప్పుడు నోరు మూసుకుంటలే బిడ్డా," అన్నాడు ముత్తయ్య, సందంతా కనబడేలా నవ్వుతూ.

శబరి నది సాక్షిగా నేనూ అక్కడే ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ఎవరి నవ్వు సరిచేయాలన్నా, ముందు వాళ్ళ మేకల అంగీకారం తీసుకుంటాను.